ఊదనియ్యని అక్క

ఆమె మనుషులను ముఖం చూసి గుర్తుపట్టేది కాదు. కూరగాయల అంగట్లో ఎదురుపడి "బాగున్నవా అక్కా?" అంటే, ఎవరీ మనిషి అన్నట్టు చూసేది. అప్పుడు చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేతి మడత చూపించాలి. అక్కడ ఒక్క క్షణం చూపు నిలిపి, "ఓ, నువ్వా! దొంగ నరం. కుడి చేతికి కనవడది, ఎడమ చేతికి గుచ్చవోతె పక్కకు జరుగుతది. పిల్లలు మంచిగున్నరా?" అనేది. అక్కడి నుంచి మాటలు సాగేవి.

గోదావరిఖనిలో సగం మంది చేతులు ఆమెకు తెలుసని అంటుంటారు. నేను అంత దూరం పోను. మా క్వార్టర్ల వరుసలో పదహారు ఇళ్లున్నాయి. వాటిలో పదకొండు ఇళ్లవాళ్ల చేతులు ఆమెకు తెలుసు. ఇది నేను అడిగి రాసుకున్న లెక్క.

పోయిన నెల ఆమె చనిపోయింది. పదో రోజు భోజనాల దగ్గర నా ఎదుటి వరుసలో ముగ్గురు పెద్దమనుషులు విస్తళ్ల ముందు కూర్చుని, చొక్కా చేతులు మడిచి, ఎవరి నరం ఆమెను ఎక్కువ ఏడిపించిందో పోల్చుకుంటున్నారు. "నాకు నాలుగుసార్లు గుచ్చింది" అని ఒకాయన గర్వంగా చెప్పాడు. పప్పు వడ్డిస్తూ వచ్చిన ఆమె కొడుకు అది చూసి, ఏడవాలో నవ్వాలో తెలియక గరిటె పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. చివరికి నవ్వాడు.

ఆమె పని నెత్తురు తీయడం. మా ఊళ్లో ఒక ప్రైవేటు దవాఖానలో, మెట్ల కింద గదిలో కూర్చునేది. జ్వరం ఎంతకూ తగ్గని వాళ్లకు, క్రిములు నెత్తురులోకి దిగాయేమో చూసే పరీక్ష ఒకటి ఉంది. రెండు చేతుల నుంచీ విడివిడిగా తీసి, ఒక్కో చేతి నెత్తురు రెండేసి సీసాల్లో పోస్తారు. సీసాలో క్రిములకు ఇష్టమైన రసం ఉంటుంది. సీసాలను వెచ్చటి పెట్టెలో పెడతారు. క్రిమి ఉంటే తిని, పెరిగి, బయటపడుతుంది. అప్పుడు పెట్టె గంట కొడుతుంది. చిక్కేమిటంటే, చర్మం మీద ఊరికే తిరుగుతున్న క్రిమి ఒక్కటి సూదితో పాటు సీసాలో పడినా, అదీ తింటుంది, అదీ పెరుగుతుంది, దానికీ గంట మోగుతుంది. అందుకే గుచ్చే చోటును ముందు మందుతో గట్టిగా రుద్ది, ముప్పై సెకన్లు ఆరనివ్వాలి. ఆ ముప్పై సెకన్లూ ఆమె రాజ్యం.

తడి చేతి మీద చల్లగా తగలగానే మనిషి చేసే మొదటి పని ఊదడం. చిన్నపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అందరూ ఊదుతారు. అది ఆమెకు తెలుసు. అందుకే మందు రాయగానే ఎడమ అరచెయ్యి తీసుకొచ్చి మన నోటికి అడ్డం పెట్టేది.

"నీ నోట్లె ఎంతమంది కాపురం జేస్తున్నరో ఎరుకేనా? అందర్ని నా సీసలకు పంపుతవా?"

ఒకసారి ఒక బొగ్గుగని యూనియన్ పెద్దాయన ఆ అరచెయ్యి దాటించి మరీ ఊదాడు. ఆమె దూది పడేసి, చేతులు కడుక్కుని, మళ్లీ మొదటి నుంచి రుద్దడం మొదలుపెట్టింది.

"కాకా, గేటు మీటింగుల ఎంతన్న ఊదు. ఇక్కడ ఊదినవంటె పొద్దుమూకేదాక రుద్దుత, తోలు ఊడుతది."

ఆయన మూతి బిగించుకుని కూర్చున్నాడు. ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండడం చూసింది మేమేనని వరుసలో ఉన్నవాళ్లు తర్వాత చెప్పుకున్నారు.

నాకూ ఆమెకూ స్నేహం ఆ ముప్పై దగ్గరే కుదిరింది. ఓపెన్‌కాస్టులో బొగ్గు, మట్టి మోసే డంపర్లు ఎన్ని ట్రిప్పులు వేశాయో రాసుకోవడం నా ఉద్యోగం. పదో తరగతి దాటి చదవలేదు. లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. కనబడిందల్లా లెక్కపెట్టడం అలవాటైపోయింది. మొదటిసారి జ్వరంతో ఆమె ముందు కూర్చున్నప్పుడు, ఆమె లోలోపల ముప్పై లెక్కపెట్టి సూది తీసింది. నేను గోడ గడియారం చూస్తూ, "ఇరవై ఎనిమిదే అయింది అక్కా" అన్నాను.

ఆమె సూది దించి నన్ను తేరిపార చూసింది. ముఖాన్ని చూడడం అదొక్కసారే అనుకుంటాను.

"నిజమా?"

"నిజమే."

"అయితె ఇగ నుంచి నువ్వే లెక్కవెట్టు."

ఆ రోజు నుంచి నేను ఎవరిని వెంటబెట్టుకు పోయినా లెక్క నాదే. అది దవాఖాన నియమాల్లో ఉన్న పని కాదు, మా ఇద్దరి మధ్య ఒప్పందం. నేను పైకి ఒకటి, రెండు అంటుంటే ఆమె అటు తిరిగి సీసాల మీద పేర్లు రాసుకునేది.

"రెండు చేతులెందుకు? ఎటు తీసినా నెత్తురు ఒక్కటే గదా?" అని అడగని రోగి లేడు. ఆమె జవాబు ఎప్పుడూ ఒకటే. "ఒకడు ఫలానోడు దొంగ అంటె నమ్ముతవా? ఇద్దర్ని వేరువేరుగ నిలవెట్టి అడుగాలె. ఇద్దరు ఒక్కటే పేరు చెప్తె వాడు దొంగ. ఒక్కడే చెప్తె, ఆ చెప్పినోన్నే అనుమానించాలె."

నేను ఇంటికి పోయి ఇది కాగితం మీద వేసుకున్నాను. యాభై చేతుల్లో ఒక చేతికి పొరపాటు జరుగుతుందని అనుకుంటే, రెండు చేతులకూ ఒకేసారి జరగడం రెండు వేల అయిదు వందల్లో ఒకసారి. మరునాడు తీసుకెళ్లి చూపించాను. ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "నేను ఒక్క ముచ్చటల చెప్పింది నువ్వు కాయితం నిండ రాసినవ్ తమ్మీ" అని, దాన్ని మడిచి బల్ల ఊగకుండా కాలి కింద పెట్టింది.

కరోనా వెళ్లిపోయిన తర్వాత ఆ దవాఖానకు కొత్త మిషను వచ్చింది. బియ్యం డబ్బా కంటే కొంచెం పెద్దది. అంతకుముందు పెట్టె గంట కొట్టాక కూడా ఆ క్రిమి ఎవరో తెలియడానికి, ఏ మందుకు లొంగుతుందో తెలియడానికి ఇంకో రెండు రోజులు పట్టేది. దాన్ని పళ్లెంలో మళ్లీ పెంచి చూడాలి. కొత్త మిషనుకు ఆ ఓపిక అక్కర్లేదు. గంట కొట్టిన సీసాలోంచి కొన్ని చుక్కలు వేస్తే, క్రిమిని పగలగొట్టి, దాని లోపలి జన్యువుల రాతను చదివి, తన దగ్గరున్న జాబితాతో పోల్చి, గంటలో పేరు చెప్పేస్తుంది. కొన్ని మందులను ఎదిరించే జన్యువు దానిలో ఉంటే అదీ చెబుతుంది.

మిషను వచ్చిన వారం ఆమె దాని పక్కనుంచి నడిచినప్పుడల్లా మూతి తిప్పుకుంటూ పోయింది. చిన్న డాక్టరు గారు, కోస్తా నుంచి వచ్చినాయన, ఉత్సాహవంతుడు, నవ్వుతూ అడిగాడు. "ఏవండీ, దీంతో మాటల్లేవా?"

"అది మస్టర్ గుమాస్త సారూ" అన్నది ఆమె. "బొగ్గుబాయి మీద పొద్దుగాల హాజరు వేసెటోడు లేడా, గట్లనే. పట్టీల పేరుంటె జల్ది పిలుస్తడు. పట్టీల లేనోడు ఎదురుంగ నిలవడ్డ, వానికి లేనట్టే. ఇగ, వచ్చినోడు డ్యూటీకి వచ్చిండో, చాయ తాగవచ్చిండో గుమాస్తకు తెల్వది. పేరు మాత్రం రాస్తడు."

డాక్టరు గారు నవ్వి వదిలేశాడు. తర్వాత చాలా రోజులు నేను ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూశాను. మిషను గురించి దానితో వచ్చిన పుస్తకంలో ఇంతకంటే ఎక్కువ ఉంటుందని అనుకోను.

కానీ ఆమెకు దాని మీద కసి లేదు. కమాన్‌పూర్ వైపు నుంచి ఒక పచ్చి బాలింతను తెచ్చారు. ఒళ్లు కాలిపోతోంది, మాట తడబడుతోంది. రెండు చేతుల సీసాలూ గంట కొట్టాయి. మిషను గంటలో పేరు చెప్పింది. అప్పటిదాకా ఎక్కిస్తున్న మందుకు అది లొంగదని కూడా చెప్పింది. ఆ మధ్యాహ్నమే మందు మార్చారు. నాలుగో రోజు ఆ పిల్ల తన బిడ్డను తానే ఎత్తుకుంది. మా అక్క మిషను నెత్తి మీద చేత్తో తట్టి, "శెభాష్ గుమాస్తా" అన్నది. దసరాకు ఆయుధపూజ రోజు దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయ కూడా కట్టింది. మర్నాడు మిషను కంపెనీ ఇంజనీరు హైదరాబాద్ నుంచి వచ్చి చూసి గగ్గోలు పెట్టాడు, స్పిరిట్ తీసుకుని తుడవడం మొదలుపెట్టాడు. ఆమె వెనకాల నిలబడి అన్నది:

"తుడిస్తె తుడు బిడ్డా. ఊదకు."

ఇప్పుడు మా బావ సంగతి చెప్పాలి. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా బావ అంటే నా భార్య అన్న. ముప్పై ఒక్క ఏళ్లు బాయిలో డ్రిల్లరుగా చేసి రిటైరయ్యాడు. తర్వాత నాలుగు మేకలు కొనుక్కుని, గనిలోంచి తీసి పోసిన ఓబీ మట్టిగుట్టల కింద వాటిని మేపుకుంటూ తిరిగేవాడు. రెండేళ్ల కింద గుండె నెమ్మదిస్తోందని హైదరాబాదులో ఛాతీలో పేస్‌మేకర్ పెట్టారు. దాన్ని ఆయన 'నా వాచీ' అనేవాడు. పోయినేడు వానలు తగ్గాక ఆయనకు జ్వరం పట్టుకుంది. ఆరు రోజులైనా దిగలేదు. ఏడో రోజు, సోమవారం పొద్దున, నేనే ఆ దవాఖానలో చేర్పించాను. నెత్తురులో క్రిమి ఉందేమో చూడాలన్నారు.

అక్క వచ్చింది. కుడి చేతికి మూడుసార్లు గుచ్చితే గానీ దొరకలేదు. బావ వణుకుతున్నాడు. దుప్పటి కప్పితే ఎడమ చెయ్యి బయటపెట్టడానికి మొరాయించాడు. ఎట్లాగో బయటికి తీయించి, మందు రుద్ది, "తమ్మీ, లెక్క" అని అటు తిరిగి సీసాల మీద పేరు రాస్తోంది. ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టే పని ఆ రోజు ఆమె నాకు వదిలింది. నేను గడియారం చూస్తూ ఆ సంగతి మరిచిపోయాను.

బాయిలో డ్రిల్లరు చేసే పని ఇది. బొగ్గు మీద రంధ్రం వేయాల్సిన చోట సున్నంతో గుర్తు పెడతారు. డ్రిల్లరు ముందు ఆ గుర్తు మీది దుమ్ము నోటితో ఊది, తర్వాత డ్రిల్లు మొన ఆనిస్తాడు. మా బావ ముప్పై ఒక్క ఏళ్లు అట్లా ఊదాడు. ఇంట్లో గోడకు మేకు కొట్టాలన్నా ఊదుతాడు. కొబ్బరికాయ కొట్టబోయేముందూ ఊదుతాడు. ఎక్కడ రంధ్రం పడబోతున్నా ఆయన నోరు దానంతటదే గుండ్రమవుతుంది.

నేను పదిహేడు అన్నాను. బావ తన చేతి మీదికి వంగి, తీరిగ్గా, ఆమెకు వినబడనంత మెల్లగా, ఉఫ్ అని ఊదాడు.

నేను ఒకటి నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. ఆమెతో నా ఒప్పందం అదే. కానీ మళ్లీ రుద్దాలి, మళ్లీ ముప్పై, బావ పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"పద్దెనిమిది" అన్నాను.

మంగళవారం మధ్యాహ్నం పెట్టె గంట కొట్టింది. ఎడమ చేతి సీసా ఒకటి. చుక్కలు మిషనులో వేశారు. గంటా అయిదు నిమిషాలకు డాక్టరు గారు కాగితం పట్టుకుని వచ్చాడు.

"చూడండి, ఇది మామూలుగా చర్మం మీద ఉండే క్రిమే. కానీ ఈయన గుండెలో వైరు ఉంది కదా. ఈ క్రిమి అలాంటి వైర్లకు అతుక్కుని లోపలే ఉండిపోతుంది. మామూలు మందుకు లొంగని జన్యువు కూడా ఉందని మిషను చెబుతోంది. పొద్దున్నే హైదరాబాద్ పంపిస్తాను. పేస్‌మేకర్, వైర్లు తీయించాల్సి రావచ్చు."

"తీస్తే ప్రమాదమా?" అని అడిగాను.

ఆయన అబద్ధం చెప్పలేదు. "ఈ వయసులో, ఇంత జ్వరంలో, ప్రమాదం ఉంది. క్రిమి నిజంగా అక్కడుంటే తీయకపోవడం ఇంకా ప్రమాదం."

మంచం మీంచి మా బావ అన్నాడు. "వాచీ పీకితె నాకు టైం ఎట్ల తెలుస్తది సారూ?" ఎవరూ నవ్వలేదు. ఆయనా నవ్వలేదు.

నేను మెట్లు దిగుతుంటే అక్క గది గుమ్మంలో నిలబడి ఉంది. వేలితో పిలిచింది. లోపలికి పోగానే తలుపు దగ్గరికి వేసింది.

"కుడి చేతి సీసలు రెండు సప్పుడు జేస్తలేవు. ఎడమ దాంట్ల ఒక్కటే మోగింది. ఇద్దర్ల ఒక్కడే చెప్పిండు. తమ్మీ, లెక్క నువ్వు వెట్టినవ్. అది ముప్పయ్యేనా?"

నేను గోడ గడియారం చూశాను. బల్ల చూశాను. 

"పదిహేడు కాడ ఊదిండు అక్కా" అన్నాను. "నేను పద్దెనిమిది అన్న."

నన్ను తిడుతుందనుకున్నాను. ఆమె నా నెత్తి మీద ఒక్కటి మొట్టింది, చిన్నపిల్లవాణ్ని మొట్టినట్టు. నాకప్పుడు యాభై ఒక్క ఏళ్లు.

"నడు సారు కాడికి."

"నేను చెప్త అక్కా. తప్పు నాది."

"నువ్వు చెప్తె ఏమైతది? పేషెంటు తాలూకోడు, హైదరాబాద్ పోవుడు ఇష్టం లేక ముచ్చట అల్లిండనుకుంటడు. నోరు మూస్కొని నిలవడు."

ఆమె గది గోడ మీద ఒక కాగితం ఉండేది. నెత్తురు తీసే నలుగురి పేర్లు, ఎవరి చేతి మీదుగా ఎన్ని సీసాలు చెడ్డాయో ఎదురుగా అంకెలు. మిషను వచ్చిన రోజు నుంచి డాక్టరు గారు పెట్టిన కాగితం. మిగతా ముగ్గురి ఎదురుగా మూడు, నాలుగు, ఆరు అని ఉంది. ఆమె ఎదురుగా సున్నా. ఆ సున్నాను ఆమే గీసుకుంది, రూపాయి బిళ్ల అంత, వంకర లేకుండా. ఆ గదిలోకి వచ్చిన ప్రతి ఒక్కరికీ దాన్ని చూపించేది.

డాక్టరు గారి దగ్గరికి పోయి ఆమె అన్నది:

"సారూ, ఎడమ చెయ్యి ఆరకముందే గుచ్చిన. జల్ది పడ్డ. ఆ సీస నా తప్పు. కింద గదిల ఉన్న కాయితం మీద రాసుకుంట, సంతకం గూడ వెడ్త."

ఆయన ఆశ్చర్యపోయాడు. "మీరా?"

"నేనే."

"మీరు ఆరకముందు గుచ్చారా?"

"మనిషినే గద సారూ."

నేను నోరు తెరిచాను. ఆమె నా చెయ్యి వెనక నుంచి గిచ్చింది. మూడు రోజులు ఆ మచ్చ ఉంది.

డాక్టరు గారు ముక్కు రుద్దుకున్నాడు. "సరే. ఇప్పుడే రెండు చేతులూ మళ్లీ తీయండి. మందు ఆపను. రేపు సాయంత్రం దాకా చూస్తాను. అంతకంటే ఆగలేను" అన్నాడు. అంబులెన్సుకు వద్దని ఫోన్ చేశాడు. ఆమె తిన్నగా పోయి కాగితం మీద తన సున్నాను కొట్టేసి, పక్కన ఒకటి రాసింది.

ఈసారి బావ నోటికి నేను నా తువ్వాల కట్టాను. లెక్క ముప్పై దాటి ముప్పై అయిదుకు పోయాక ఆపాను. చెమటకు బనియన్ తడిసిపోయిందని ఆమె దాన్ని విప్పించింది. బాయి మనుషుల ఒంటి మీద గాయమైన చోటల్లా బొగ్గు దుమ్ము తోలు కిందికి దిగి నల్లగా, నీలంగా ఉండిపోతుంది. బావ ఒంటి నిండా అవే.

సీసాలు నింపడం అయ్యాక ఆమె ఊరుకోక, "భుజం మీదిది ఏంది అన్నా?" అని అడిగింది.

బావకు ప్రాణం లేచొచ్చింది. "అదా చెల్లె? పైకప్పు పెళ్ల ఊడి పడ్డది. ముగ్గురం ఉన్నం. మా మీది సర్దారు ఉరుకుండ్రి అన్నడు, ఆయనే ముందుగాల ఉరికిండు..."

"మోచేతి కాడిది?"

"బొగ్గు టబ్బు పట్టాలు తప్పింది. నా టిఫిన్ గిన్నె గూడ చపాతి లెక్క అయింది."

వీపు మీదిది, మోకాలిది, బొటనవేలిది. జ్వరంలో కూడా ప్రతి మచ్చకూ ఒక కథ, కథలో ఒక సర్దారు, ఒక తిట్టు. ఏడు మచ్చలకు ఏడు కథలయ్యాయి.

"మొలతాడు కింద గీ నల్లది?"

"అది... బొగ్గుదే."

"ఎప్పటిది?"

"ఎప్పటిదో."

"ఎవలున్నరు నీ తోటి?"

బావ ఆలోచించాడు. "యాదికి లేదు."

"గోరుకు తాకిన దెబ్బకే సర్దారు తాతల దాక చెప్పినవ్. గింత మచ్చకు కథ లేదా?" ఆమె వంగి చూసింది. వేలితో అంచు తాకింది. "నొస్తుందా?"

"లే."

"బొగ్గు మచ్చ తోలు కింద ఉంటది. ఇది తోలు మీద పొక్కు కట్టింది. తమ్మీ, సారును పిలువు."

ఆ మచ్చను నేనూ చూశాను. నర్సులు చూశారు. డాక్టరు గారూ చూసే ఉంటాడు. బొగ్గు మనిషి ఒంటి మీద ఇంకో నల్లమచ్చను ఎవరు అడుగుతారు?

డాక్టరు గారు వచ్చి, వంగి చూసి, నుదురు కొట్టుకున్నాడు. "మేకలను ఎక్కడ మేపుతారండీ?"

"ఓబీ గుట్ట కింద గడ్డిల."

"గడ్డిలో పడుకుంటారా?"

"బాయిల పండుకుంటె చార్జిషీటు ఇస్తుండె. రిటైరైనంక గూడ పండొద్దా?"

గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని పురుగు ఒకటి కుట్టి తెచ్చే జ్వరమట, స్క్రబ్ టైఫస్. కుట్టిన చోట నొప్పి లేని నల్ల పొక్కు కడుతుంది. ఆ క్రిమి ఈ సీసాల్లో పెరగదు. మిషను జాబితాలో దాని పేరే లేదు. దానికి వేరే పరీక్ష ఉంది. అదే సాయంత్రం చేస్తే అదేనని తేలింది. మాత్రలు మొదలుపెట్టారు. గురువారం మధ్యాహ్నానికి జ్వరం దిగి, మా బావ మేకల సంగతి అడిగాడు. రెండోసారి తీసిన నాలుగు సీసాలూ, మొదటిసారి కుడి చేతి సీసాలూ చివరిదాకా మోగలేదు. హైదరాబాద్ ప్రయాణం రద్దయింది. వాచీ ఉన్నచోటే ఉంది.

అక్క మిషను దగ్గరికి పోయి, "నీ పట్టీల లేనోడు బాయిల దిగిండు, చూస్కున్నవా?" అని అడిగిందట. నర్సు చెప్పింది.

ఇంటికి పంపే రోజు నేను బావకు జరిగిందంతా చెప్పాను. ఆయన ఊరుకునే మనిషి కాదు. వార్డు మధ్యలో నిలబడి గట్టిగా అన్నాడు:

"సారూ, ఆమె తప్పు లేదు! నేనే ఊదిన! ఇగో, గిట్ల!" అని ఊది చూపించాడు కూడా.

డాక్టరు గారు ఆయన భుజం తట్టాడు. "మంచి మనసండి మీది. ఆవిడ కోసం ఎంత చక్కగా అబద్ధమాడుతున్నారు!"

"అబద్ధం కాదు సార్" అన్నాను నేను. "పదిహేడు దగ్గర ఊదాడు. లెక్క నాది. నేనే పద్దెనిమిది అన్నాను."

"మీరు ఆయన చుట్టం కదా, మీరూ అలాగే అంటారు" అని ఆయన ఇంకా సంతోషపడ్డాడు. ఎంత చెబితే అంత మంచివాళ్లమై పోతున్నామని మాకు అర్థమైంది. గుమ్మంలో నిలబడి అంతా విన్న అక్క, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది.

కిందికి దిగాక నేను జేబులోంచి పెన్ను తీసి ఆమెతో అన్నాను. "అక్కా, నిజం లెక్క సున్నా. ఆ ఒకటి తప్పు. దిద్దుదాం."

"ఉండనియ్యి."

"తప్పు లెక్కను ఎట్లా ఉండనిస్తం?"

"ఓ లెక్కల తమ్మీ, సున్న ఉన్నన్ని దినాలు నన్ను ఎవలన్న నమ్మిన్రా? 'అక్క దాచిపెడుతున్నది, కాయితం మీద రాస్తలేదు' అని ఆ ముగ్గురు గుసగుసలు వెట్టెటోళ్లు. ఒకటి వడ్డప్పటి సంది అందరు నమ్ముతున్నరు." ఆమె తర్వాతి మనిషి కోసం దూది తీసుకుంది. "నువ్వు జరుగు. వెలుగుకు అడ్డమున్నవ్."

పోయిన వారం షుగర్ పరీక్షకు ఆ గదికి పోయాను. ఆమె కుర్చీలో వేరే అమ్మాయి ఉంది. గోడ మీది కాగితం మార్చలేదు. మిగతా ముగ్గురి అంకెలూ పెరిగాయి. ఆమె ఎదురుగా ఒకటే ఉంది, పక్కన కొట్టేసిన పెద్ద సున్నా. నేను ఇరవై నాలుగేళ్లుగా ట్రిప్పులు రాస్తున్నాను, తప్పు కనబడితే దిద్దకుండా పేజీ తిప్పలేదు. పెన్ను జేబులోనే ఉంది. చెయ్యి దాని మీదికి పోయింది కూడా.

వరుసలో నా వెనకాల ఉన్న పెద్దమనిషి విసుక్కున్నాడు. "ఏంది కాకా, గోడకు నెత్తురు తీస్తరా? జరుగు."

జరిగాను.